నెట్‌వర్క్ డ్రైవ్‌లో ఫైల్ టైమ్ తప్పుతోందా? ముందు తేడా ఎంతో కొలవండి

కోడ్ మార్చి సేవ్ చేస్తారు. కోడ్‌ని కంపైల్ చేయించే మేక్ కమాండ్ కొడితే "అప్ టు డేట్" అంటుంది. లేదంటే రివర్స్‌లో, ఏమీ ముట్టుకోకపోయినా ప్రతిసారీ మొత్తం ప్రాజెక్ట్ మొదటి నుంచి కంపైల్ అవుతుంది. ఇంకొకరికి బ్యాకప్ స్క్రిప్ట్ నిన్న కాపీ చేసిన ఫైళ్లనే ఈరోజు మళ్లీ కాపీ చేస్తుంది. వీటిలో ఏది ఎదురైనా, ఫైళ్లు షేర్డ్ డ్రైవ్ మీద ఉన్నాయంటే నేను ముందు కోడ్ చూడను. టైమ్‌స్టాంప్, అంటే ఫైల్ మీద పడిన టైమ్ చూస్తాను.

నేను చెన్నైలో ఓఎంఆర్ మీద ఒక ఆఫీసులో బిల్డ్ పనులు చూసుకుంటాను. కార్లలో పెట్టే కంట్రోలర్లకి సాఫ్ట్‌వేర్ రాసే టీమ్ మాది. కోడ్ రాసేవాళ్ల ల్యాప్‌టాప్‌లు ఒకచోట, బిల్డ్ మెషిన్ ఇంకోచోట, ల్యాబ్ బెంచీల మీద పీసీలు మరోచోట, క్లయింట్ అమెరికాలోని డెట్రాయిట్‌లో. అందరూ కలిసేది ఒక ఫైల్ సర్వర్ మీద. టీమ్‌లో నెల్లూరు, తిరుపతి వైపు నుంచి వచ్చిన పిల్లలు ఎక్కువ. అందుకని ఫిర్యాదు కూడా "అక్కా, మార్చింది రావట్లేదు" అని తెలుగులోనే వస్తుంది. క్లీన్ చేసి, అంటే పాత కంపైల్ ఫైళ్లన్నీ తీసేసి, మళ్లీ బిల్డ్ కొట్టమని చెప్పడం తేలిక. నేను వెంటనే అలా చెప్పను. క్లీన్ బిల్డ్‌తో ఆ పూటకి పని జరుగుతుంది కానీ, ఏం జరిగిందో చూపించే ఫైళ్లు కూడా దాంతోనే పోతాయి. రేపు అదే సమస్య ఇంకొకరికి వస్తుంది.

వాళ్లని నేను అడిగేది ఒకటే: ఉండాల్సిన టైమ్‌కీ, ఉన్న టైమ్‌కీ తేడా ఎంత? రెండు సెకన్లా, మూడు నిమిషాలా, గంటా, అయిదున్నర గంటలా, ఏళ్లా? ఒక్కో కారణానికి ఒక్కో రకం అంకె వస్తుంది. అంకె చేతికొస్తే దోషి ఎవరో చాలావరకు తెలిసిపోతుంది. సెట్టింగులు మార్చడం ఆ తర్వాతి పని.

కొలిచే పద్ధతి

షేర్ మీద ఒక కొత్త ఫైల్ తెరిచి, ఒక్క అక్షరం రాసి, సేవ్ చేసి మూసేయండి. అదే క్షణంలో మీ మెషిన్ టైమ్ రాసి పెట్టుకోండి. లినక్స్‌లో అయితే డేట్ కమాండ్, ఫైల్‌లోకి రాసే కమాండ్, రెండూ ఒకే లైన్‌లో ఇస్తే చాలు. తర్వాత స్టాట్ కమాండ్‌తో ఆ ఫైల్ మాడిఫై టైమ్ చూడండి. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి, గెట్-ఐటెమ్‌తో ఆ ఫైల్ తీసుకుని లాస్ట్‌రైట్‌టైమ్‌యూటీసీ చూడండి. ఎక్స్‌ప్లోరర్ లిస్టు చూసి నిర్ణయానికి రాకండి. అందులో సెకన్లు కనపడవు, మనకి కావాల్సింది సెకన్లే.

కొత్త ఫైలే ఎందుకంటే, నెట్‌వర్క్ డ్రైవ్ మీద మామూలుగా రాసిన ఫైల్‌కి టైమ్ వేసేది సర్వర్ గడియారం, మీ పీసీ గడియారం కాదు. అంటే ఆ ఫైల్ మీద ఉన్నది సర్వర్ దృష్టిలో "ఇప్పుడు". కాపీ చేసిన ఫైల్ ఈ పరీక్షకి పనికిరాదు. ఎక్స్‌ప్లోరర్‌లో కాపీ చేసినా, లినక్స్‌లో సీపీ కమాండ్‌కి పీ ఆప్షన్ ఇచ్చినా, పాత మాడిఫై టైమ్ వెంట వచ్చేస్తుంది. కాపీ చేసిన ఫైల్‌లో క్రియేటెడ్ టైమ్ కంటే మాడిఫైడ్ టైమ్ పాతదిగా కనపడేది కూడా ఇందుకే. అది జబ్బు కాదు, వదిలేయండి.

ఒక నిమిషం ఆగి అదే ఫైల్‌ని రెండో మెషిన్ నుంచి కూడా చూడండి. రెండు మెషిన్లలో ఒకే టైమ్ కనపడితే సర్వర్‌లో నిజంగా ఉన్నది అదే. వేర్వేరుగా కనపడితే క్యాష్ సంగతి, దాని దగ్గరికి తర్వాత వస్తాను. అన్ని టైమ్‌లనీ యూటీసీలో (ప్రపంచమంతా ఒకటిగా ఉండే టైమ్, మన టైమ్ కంటే అయిదున్నర గంటలు వెనక) రాసుకోండి. ఒకటి మన టైమ్‌లో, ఒకటి యూటీసీలో పెట్టుకుని పోల్చారంటే లేని సమస్య వెనకాల పరిగెడతారు.

తేడా నిమిషాల్లో ఉంటే

గడియారాలు కలవలేదు. ఇదే అన్నిటికంటే ఎక్కువగా కనపడేది, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మేక్ లెక్క చాలా చిన్నది. సోర్స్ ఫైల్ (మనం రాసిన కోడ్) టైమ్, ఆబ్జెక్ట్ ఫైల్ (దాన్ని కంపైల్ చేస్తే వచ్చేది) టైమ్ కంటే కొత్తదా? అయితే మళ్లీ కంపైల్ చెయ్యి. కాకపోతే వదిలెయ్యి. ఈ లెక్క నిలబడాలంటే రెండు టైమ్‌లూ ఒకే గడియారం నుంచి రావాలి. సోర్స్ మీ ల్యాప్‌టాప్ డిస్క్ మీద, ఆబ్జెక్ట్ ఫైళ్లు షేర్ మీద ఉంటే, ఒకే పెళ్లికి రెండు పంచాంగాలు దగ్గర పెట్టుకుని ముహూర్తం చూసినట్టే.

సర్వర్ గడియారం మీ ల్యాప్‌టాప్ కంటే 3 నిమిషాలు ముందుందని అనుకోండి. 10:00కి బిల్డ్ చేశారు, ఆబ్జెక్ట్ ఫైల్ మీద 10:03 పడింది. 10:02కి సోర్స్ మార్చారు, దాని మీద 10:02 పడింది. మేక్ దృష్టిలో ఆబ్జెక్టే కొత్తది. మీ మార్పు బిల్డ్‌లోకి రాదు. అదే మార్పుని 10:04కి చేసుంటే ఏ ఇబ్బందీ లేకుండా వచ్చేది. "ఒక్కోసారి వస్తోంది, ఒక్కోసారి రావట్లేదు" అని ఎవరైనా చెబితే నాకు మొదట వచ్చే అనుమానం ఇదే. ఇప్పుడు సర్వర్ 3 నిమిషాలు వెనక ఉందనుకోండి. 9:59కి మార్చిన సోర్స్‌ని 10:00కి కంపైల్ చేస్తే ఆబ్జెక్ట్ మీద 9:57 పడుతుంది. పుట్టీ పుట్టకముందే పాతదైపోయింది. మళ్లీ మేక్ కొడితే మళ్లీ కంపైల్ అవుతుంది.

కాబట్టి లక్షణం చూసే సగం తెలుసుకోవచ్చు. మార్పులు రాకపోతే ఆబ్జెక్ట్ ఫైళ్ల గడియారం ముందుంది. ఊరికే మళ్లీ మళ్లీ కంపైల్ అవుతుంటే సోర్స్ గడియారం ముందుంది.

సోర్స్, ఆబ్జెక్ట్ రెండూ ఒకే షేర్ మీద ఉంటే రెండింటికీ సర్వరే టైమ్ వేస్తుంది, పోలికలో తప్పు రాదు. అయినా మేక్ "క్లాక్ స్క్యూ డిటెక్టెడ్" అని హెచ్చరిస్తుంది, ఎందుకంటే ఫైల్ టైమ్‌ని అది మీ మెషిన్ టైమ్‌తో కూడా సరిచూస్తుంది. ఫైల్ టైమ్ భవిష్యత్తులో ఉంటే బిల్డ్ అసంపూర్తిగా ఉండొచ్చని చెబుతుంది. ఆ లైన్ లాగ్‌లో ఎక్కడో మధ్యలో పడి పైకి వెళ్లిపోతుంది, ఎవరూ చూడరు. బిల్డ్ స్క్రిప్ట్‌లో ఆ మాట కోసం వెతికి, కనపడితే బిల్డ్‌ని ఫెయిల్ చేయించండి. పాత బైనరీ టెస్టింగ్‌కి వెళ్లి, అక్కడినుంచి బండిలోకి ఎక్కడం కంటే బిల్డ్ ఆగిపోవడం నయం.

గడియారం సరిచేయడానికి లినక్స్‌లో క్రోనీ (టైమ్ కలిపే ప్రోగ్రామ్) ఉంటే క్రోనీసీ ట్రాకింగ్ ఇవ్వండి, టైమ్ ఎంత తప్పిందో చూపిస్తుంది. విండోస్‌లో డబ్ల్యూ32టీఎమ్‌కి క్వెరీ, స్టేటస్ ఆప్షన్లు ఇస్తే టైమ్ ఎక్కడినుంచి తీసుకుంటోందో చెబుతుంది. నెట్ టైమ్ కమాండ్‌కి సర్వర్ పేరు ఇస్తే ఆ సర్వర్ టైమ్ కనపడుతుంది. "డొమైన్‌లో ఉన్నాం కదా, లాగిన్ అవుతోంది కదా, టైమ్ కరెక్టే" అని కొందరు ఐటీ వాళ్లు అంటారు. ఆ మాట సరిపోదు. డొమైన్ లాగిన్‌లో వాడే కెర్బెరోస్ డిఫాల్ట్‌గా 5 నిమిషాల తేడా వరకు ఒప్పుకుంటుంది. 3 నిమిషాలు తప్పిన మెషిన్ హాయిగా లాగిన్ అవుతుంది, బిల్డ్‌ని మాత్రం పాడుచేస్తుంది. ఐటీ వాళ్లు పట్టించుకోకపోతే ఇంకో మాట గుర్తుచేయొచ్చు: 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ సిస్టమ్‌ల టైమ్‌ని ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ నడిపే ఎన్‌టీపీ (టైమ్ ఇచ్చే) సర్వర్లతో, లేదా వాటితో ముడిపడిన సర్వర్లతో కలిపి ఉంచాలి. మన బిల్డ్ కోసం కాకపోయినా దానికోసమైనా కదులుతారు.

ల్యాప్‌టాప్ మూత మూసి తెరిచాక వర్చువల్ మెషిన్ లోపలి గడియారం వెనకబడటం కూడా మామూలే. విండోస్‌లో డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపల నడిచే లినక్స్) వాడేవాళ్లు ముందు లోపల ఒకసారి, బయట ఒకసారి టైమ్ చూడండి.

ఒక జాగ్రత్త. గడియారం సరిచేసినంత మాత్రాన పాత ఫైళ్లు సరికావు. బిల్డ్‌లన్నీ ఆపి, గడియారం సరిచేసి, ఫైండ్ కమాండ్‌లో న్యూయర్‌ఎంటీ ఆప్షన్‌కి "నౌ" అని ఇవ్వండి. భవిష్యత్తు టైమ్ ఉన్న ఫైళ్లన్నీ బయటపడతాయి. వాటిలో సోర్స్ ఫైళ్లని టచ్ చేయండి, అంటే టచ్ కమాండ్‌తో ఇప్పటి టైమ్ వేయండి. ఆబ్జెక్ట్ ఫైళ్లని మాత్రం టచ్ చేయకండి, డిలీట్ చేయండి. టచ్ చేస్తే పాత కోడ్‌కి కొత్త టైమ్ వేసినట్టవుతుంది, సమస్య ఇంకా లోతుకి దిగుతుంది.

గంట, అయిదున్నర గంటలు, తొమ్మిదిన్నర గంటలు

ఇలా గంటలకీ అరగంటలకీ సరిగ్గా సరిపోయే అంకె వచ్చిందంటే గడియారం తప్పలేదు. ఎవరో టైమ్ జోన్ తప్పుగా చదివారు. సరిగ్గా 5:30 తేడా ఉంటే యూటీసీని మన టైమ్ అనుకునో, మన టైమ్‌ని యూటీసీ అనుకునో ఒక ప్రోగ్రామ్ చదువుతోంది. అది కోడ్‌లో వెతకాల్సిన తప్పు.

9:30 లేదా 10:30 వస్తే మా వరకు అది డెట్రాయిట్. అక్కడ వేసవిలో యూటీసీకి 4 గంటలు, చలికాలంలో 5 గంటలు వెనక ఉంటారు. మార్చి రెండో ఆదివారం గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. మనకి ఆ తిప్పడం లేదు కాబట్టి మన ఊళ్లో ఎవరికీ ఆ ఆదివారాలు గుర్తుండవు.

ఇక్కడ అసలు ప్రమాదం జిప్ ఫైళ్లతో. జిప్‌లో ఫైల్ టైమ్‌ని మొదటినుంచీ లోకల్ టైమ్‌గానే దాచుతారు, జోన్ ఏదో రాయరు. కొన్ని టూల్స్ అదనంగా యూటీసీ టైమ్ కూడా చేరుస్తాయి, అన్నీ చేర్చవు. వేసవిలో డెట్రాయిట్ ఇంజనీర్ ఉదయం 10:00కి ఒక ఫైల్ సరిచేసి జిప్ చేసి పంపాడనుకోండి. అప్పుడు చెన్నైలో రాత్రి 7:30. ఇక్కడ జిప్ విప్పితే ఫైల్ మీద ఉదయం 10:00 అనే పడుతుంది, మన టైమ్‌లో. ఆ మధ్యాహ్నం 3:00కి మనం బిల్డ్ చేసి ఉంటే ఆబ్జెక్ట్ ఫైలే కొత్తదైపోయింది. వాళ్లు సరిచేసిన బగ్ మన బిల్డ్‌లోకి రాలేదు. మర్నాడు కాల్‌లో "ఫిక్స్ పంపాం కదా" అని వాళ్లు, "ఇంకా అలాగే ఉంది" అని మనం. ఎవరి మాటా అబద్ధం కాదు.

మందు తేలిక. అన్‌జిప్ కమాండ్‌కి పెద్ద అక్షరాల్లో డీడీ ఆప్షన్ ఇస్తే లోపలి టైమ్‌లు పట్టించుకోకుండా విప్పిన క్షణాన్నే ఫైల్ టైమ్‌గా వేస్తుంది. టార్ ఫైళ్లకి చిన్న ఎమ్ ఆప్షన్ అదే పని చేస్తుంది. బయటినుంచి వచ్చే ప్రతి సోర్స్ ప్యాకెట్‌ని ఇలాగే విప్పాలని నా గట్టి అభిప్రాయం. సోర్స్ ఎప్పుడు రాశారన్నది చరిత్ర, దాన్ని కోడ్ మార్పుల లెక్క దాచే గిట్ చూసుకుంటుంది. బిల్డ్‌కి కావాల్సింది అది మన దగ్గరికి ఎప్పుడు వచ్చిందన్నదే.

సరిగ్గా ఒక గంట తేడా ఉండి, అది మార్చిలోనో నవంబర్‌లోనో మొదలైతే డేలైట్ సేవింగ్ మార్పు, అంటే పైన చెప్పిన గడియారం తిప్పడం. పెన్‌డ్రైవ్‌లలో కనపడే ఫ్యాట్ ఫార్మాట్ డిస్క్ ఫైల్ టైమ్‌ని లోకల్ టైమ్‌లో దాచుకుంటుంది, విండోస్ డిస్కుల ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్ యూటీసీలో దాచుకుంటుంది. గడియారం తిప్పినరోజు ఈ రెండింటి మధ్య గంట తేడా పుట్టుకొస్తుంది. అమెరికాలో ఉన్న సర్వర్‌కి విండోస్ కాపీ టూల్ రోబోకాపీతో కాపీ చేస్తుంటే డీఎస్‌టీ ఆప్షన్ ఇవ్వండి.

సెకను, రెండు సెకన్లు

ఇది గడియారం తప్పు కాదు, డిస్క్ ఫార్మాట్ హద్దు. ఫ్యాట్‌లో మాడిఫై టైమ్ 2 సెకన్ల మెట్లలో మాత్రమే పడుతుంది. లినక్స్ డిస్క్ ఫార్మాట్ ఈఎక్స్‌టీ3లో సెకను. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో 100 నానోసెకన్లు, ఈఎక్స్‌టీ4లో నానోసెకన్ల వరకు. సన్నగా కొలిచే డిస్క్ నుంచి ముతకగా కొలిచే డిస్క్‌కి ఫైల్ వెళ్తే చివరి భాగం తెగిపోతుంది. అప్పుడు ఒరిజినల్, కాపీ రెండింటి టైమ్‌లూ ఎప్పటికీ సమానం కావు. బ్యాకప్ ప్రతి రాత్రీ అన్నీ మళ్లీ కాపీ చేయడానికి కారణం చాలావరకు ఇదే.

కనిపెట్టడం సులువు. స్టాట్ ఇచ్చినప్పుడు సెకన్ల చుక్క తర్వాత తొమ్మిది సున్నాలు, అదీ ఏ ఫైల్ చూసినా అలాగే ఉంటే, అక్కడ సెకను కంటే సన్నగా దాచడం లేదు. పైగా సెకన్లన్నీ సరి సంఖ్యలే అయితే అది ఫ్యాట్. నెట్‌వర్క్ స్టోరేజ్ బాక్స్ వెనక ఎవరో పెన్‌డ్రైవ్ గుచ్చి దాన్నే షేర్ చేశారేమో చూడండి.

కాపీ టూల్ ఆర్‌సింక్‌కి మాడిఫై-విండో ఆప్షన్‌లో 1 ఇస్తే సెకను తేడాని సమానంగా తీసుకుంటుంది. రోబోకాపీకి ఎఫ్‌ఎఫ్‌టీ ఆప్షన్ ఇస్తే 2 సెకన్ల మెట్లతో పోలుస్తుంది. ఆర్‌సింక్‌లో చెక్‌సమ్ ఆప్షన్ కూడా ఉంది, అది టైమ్ వదిలేసి ఫైల్ లోపలి డేటానే పోలుస్తుంది. ఖచ్చితంగా ఉంటుంది కానీ నెట్‌వర్క్ డ్రైవ్ మీద ప్రతి ఫైల్‌నీ మొత్తం చదవాలి కాబట్టి రోజూ వాడితే ఓపిక పరీక్షిస్తుంది. వారానికొకసారి సరిచూడటానికి పెట్టుకోండి.

కాసేపటికి తనంతట తానే సర్దుకుంటే

ఒక మెషిన్‌లో కొత్త టైమ్, ఇంకో మెషిన్‌లో పాత టైమ్, నిమిషం తర్వాత చూస్తే రెండూ ఒకటే. ఇది క్యాష్. ప్రతిసారీ సర్వర్‌ని అడగకుండా క్లయింట్ ఫైల్ వివరాలని కాసేపు తన దగ్గర ఉంచుకుంటుంది. లినక్స్‌లో ఎక్కువగా వాడే షేరింగ్ పద్ధతి ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ఫైళ్లకి డిఫాల్ట్‌గా 3 నుంచి 60 సెకన్లు, ఫోల్డర్లకి 30 నుంచి 60 సెకన్లు. విండోస్ షేర్‌లో డిఫాల్ట్ 10 సెకన్లు. ఫైల్ లేదు అన్న సమాధానాన్ని కూడా విండోస్ 5 సెకన్లు గుర్తుపెట్టుకుంటుంది. "ఇప్పుడే పెట్టాను, వాడికి కనపడట్లేదు" అన్నదానికి కారణం అది.

ఎన్‌ఎఫ్‌ఎస్‌లో అయితే ఒక చిట్కా. ఫైల్‌ని ఓపెన్ చేస్తే క్లయింట్ వెళ్లి సర్వర్‌ని అడిగి తీరుతుంది. కాబట్టి క్యాట్‌తో ఒకసారి తెరిచి, ఆ తర్వాత స్టాట్ ఇవ్వండి. అప్పుడు టైమ్ మారితే క్యాష్ అని నిర్ధారణ అయినట్టే. షేర్‌ని కలిపేటప్పుడు ఇచ్చే మౌంట్ ఆప్షన్లలో, ఈ క్యాష్‌ని ఆపేసే నోఏసీ పెడితే సమస్య పోతుందని చాలామంది చెబుతారు. పోతుంది కానీ, ప్రతి చిన్న పనికీ సర్వర్ దాకా వెళ్లి రావాలి, వేల ఫైళ్ల ప్రాజెక్ట్‌లో బిల్డ్ నత్తనడక అవుతుంది. నేనైతే క్యాష్ ఎంతసేపు ఉంచాలో చెప్పే ఏసీటైమియో విలువ 1 లేదా 2 సెకన్లకి తగ్గిస్తాను. అంతకంటే మంచిది, బిల్డ్ మొత్తం లోకల్ డిస్క్ మీద చేసి చివరి బైనరీని మాత్రమే షేర్‌కి కాపీ చేయడం. కొత్త ప్రాజెక్ట్ ఏది మొదలైనా నేను ఇలాగే పెట్టిస్తాను.

తేడా ఏళ్లలో ఉంటే

1970 జనవరి 1 ఉదయం 5:30 కనపడితే టైమ్ విలువ సున్నా అని అర్థం, మన జోన్‌లో అలా కనపడుతుంది. 1601 అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్ సున్నా. 1980 జనవరి 1 అయితే ఫ్యాట్, జిప్‌ల మొదటి రోజు. కొన్ని బిల్డ్ టూల్స్ కావాలనే ఆ తేదీ వేస్తాయి, కంగారు పడక్కర్లేదు.

ఇవేవీ కాకుండా మెషిన్ కొన్నప్పటి కాలానికి వెళ్లిపోతే మదర్‌బోర్డ్ మీద బ్యాటరీ అయిపోయింది. సంక్రాంతి సెలవులకి ప్లగ్ తీసేసి వెళ్లిన బెంచ్ పీసీల్లో ఇది బయటపడుతుంది. చాలా బోర్డులకి సీఆర్2032 బిళ్ల సరిపోతుంది, రిచీ స్ట్రీట్‌లో ఏ కొట్లో అడిగినా ఇస్తారు. బెంచ్ పీసీలకి భద్రత కోసం ఇంటర్నెట్ ఇవ్వరు కాబట్టి టైమ్ వాటంతట అవి సరిచేసుకోలేవు. వాటిని ఆ ఫైల్ సర్వర్ నుంచే టైమ్ తీసుకునేలా పెట్టించండి. ల్యాబ్‌లో ముఖ్యం అందరి గడియారాలూ ఒకదానితో ఒకటి కలవడం.

మీరు రాసే కోడ్‌లో

షేర్ మీద ఉన్న ఫైల్ ఎంత పాతదో తెలుసుకోవడానికి పైథాన్‌లో టైమ్-డాట్-టైమ్ ఇచ్చే విలువలోంచి ఫైల్ టైమ్‌ని మైనస్ చేయకండి. ఒకటి మీ గడియారం, ఇంకొకటి సర్వర్ గడియారం. "10 నిమిషాల కంటే పాతదైతే లాక్ ఫైల్ డిలీట్ చెయ్యి" లాంటి స్క్రిప్టుల్లో ఇది నిజంగా ప్రమాదం, బతికున్న లాక్‌ని (ఇంకొకరు వాడకుండా పెట్టిన గుర్తుని) తీసేస్తుంది. మొదట చెప్పిన పరీక్షనే కోడ్‌లో పెట్టండి. అదే ఫోల్డర్‌లో ఒక తాత్కాలిక ఫైల్ రాసి, మూసి, దాని టైమ్ చదివి, దాన్నే "ఇప్పుడు"గా తీసుకుని పోల్చండి. రెండు టైమ్‌లూ ఒకే గడియారం నుంచి వస్తాయి.

పైథాన్‌లో ఎస్‌టీ-ఎంటైమ్ దశాంశ సంఖ్యగా వస్తుంది, ఎన్‌టీఎఫ్‌ఎస్ ఇచ్చే 100 నానోసెకన్ల తేడాని అది పూర్తిగా పట్టుకోలేదు. సమానమా కాదా అని చూడాలంటే చివర ఎన్‌ఎస్ ఉన్నదాన్ని వాడండి, అది పూర్ణ సంఖ్య. లినక్స్ మీద జావా 8లో లాస్ట్‌మాడిఫైడ్ మిల్లీసెకన్లని కత్తిరించేస్తుంది, పాత బెంచ్ టూల్స్‌లో ఇంకా అది ఉంటే గుర్తుపెట్టుకోండి. సీటైమ్‌ని క్రియేషన్ టైమ్ అనుకోకండి. లినక్స్‌లో అది ఫైల్ వివరాలు మారిన టైమ్, పర్మిషన్ మార్చినా కదులుతుంది.

గిట్ ఫోల్డర్‌ని షేర్ మీద పెట్టి, ఏమీ మార్చకుండానే ఫైళ్లు మారాయేమోనని గిట్ ప్రతిసారీ అన్నీ చదువుతుంటే, కోర్-ట్రస్ట్‌సీటైమ్‌ని ఫాల్స్ చేసి, కోర్-చెక్‌స్టాట్‌ని మినిమల్ చేయండి. ఇంకొకటి, ఫైల్ మారగానే సర్వర్ రీస్టార్ట్ చేసే టూల్స్ షేర్ మీద పనిచేయకపోతే అది టైమ్‌స్టాంప్ తప్పు కాదు. వేరే మెషిన్ నుంచి జరిగిన మార్పు లినక్స్‌లో ఫైల్ మార్పులు కనిపెట్టే ఐనోటిఫైకి తెలియదు. ఆ టూల్‌లో పోలింగ్ (కాసేపటికోసారి తనే వెళ్లి చూడటం) ఆన్ చేసుకోండి.